చేవ

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని సామెత.
గొడ్డలితోనూ పోనిదానికి ఏం కావాలో
సామెత చెప్పలేదు.

మార్చి గాలివానకి మా కంచె మీద కూలిన యెల్లో బాక్స్ చెట్టు
రంపంతో మొద్దులైంది గానీ
కట్టెలు కానంది.
ముప్పై ఏడు మొద్దులు పెరట్లో,
పెళ్ళివారు లేచిపోయాక మిగిలిన పీటల్లా.
నరం మెలిపడ్డ చెట్టు. పట్టాభి దెబ్బ వేస్తే
గొడ్డలి ఇరుక్కుని, మొద్దే మనిషిని ఊపేది.

అతని భుజానికి ఎక్స్‌రే నేనే తీశాను,
ఆర్మిడేల్ ఆసుపత్రిలో, నా షిఫ్టులో.
తెరమీద మా ఆయన ఎముకలు తెల్లగా, మర్యాదగా ఉన్నాయి.
తెగింది ఎముక కాదు.
ఎక్స్‌రేకి కనపడనిదేదో.

అప్పుడు మొదలైంది
ట్రాక్టర్ వెనక తగిలించే కట్టెల యంత్రం కోసం వెతుకులాట.
మాది ఇరవై ఎనిమిది గుర్రాల ముసలిది.
ఇల్లు కొంటే కూడా వచ్చింది,
సీటు కింద ఎలకల కాపురంతో సహా.

"ముప్పై టన్నులు!" అన్నాడు ఉరల్లా షాపు కుర్రాడు,
నోట్లో చాక్లెట్ చప్పరిస్తున్నట్టు.
కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను.
మా ట్రాక్టర్ తోసే నూనె నిమిషానికి ఇరవై లీటర్లు.
అంత లావు సిలిండర్ ఒకసారి పోయి రావాలంటే
నలభై సెకన్లు.
టీ పెట్టుకుని రావచ్చు.
సొంత పంపు ఉన్నదైతే చురుకే,
కానీ ఆ బరువుకి వాలులో మా ముసలిదాని ముందు చక్రాలు
నేల మీద అలుగుతాయి.

గైరాలో కెల్విన్ దగ్గర ఒక మరకొయ్య ఉంది:
తిరుగుతూ మొద్దులోకి దిగి తెరిచేస్తుంది.
సగం ధర, అన్నాడు.
ధర చూపించిన చేతికి
మూడు వేళ్ళే ఉన్నాయి.
వేళ్ళు లెక్కపెట్టడం నా ఉద్యోగం.
కాఫీ తాగి, థాంక్స్ చెప్పి వచ్చేశాం.

ఎనభై దాటిన పక్కింటి మెర్ల్ ఒక్కటే అడిగింది,
కుక్క చెవి గోకుతూ:
"చీల్చేది యంత్రం. సరే.
మొద్దుని దాని మీదికి ఎత్తేది ఎవరు?"

నా లెక్కల్లో టన్నులున్నాయి, లీటర్లున్నాయి.
వంగే నడుము లేదు.

తెచ్చింది ఇరవై టన్నులది.
నిలువుగా నిలబెట్టేది,
మొద్దుని దొర్లించుకుంటూ వస్తే చాలు.
మీటలు రెండు, చేతులు రెండూ వాటికే.
ఉక్కు కత్తికీ కర్రకీ మధ్య
దూర్చడానికి మూడో చెయ్యి ఎవరికీ లేదు కనక
అదే నాకు నచ్చింది.
పట్టాభి మాత్రం రంగు బాగోలేదన్నాడు.

మొదటి మొద్దు.
ఇంజను ఒక్కసారి గొంతు మార్చింది.
కత్తి ఆగింది. ఆలోచించింది.
తర్వాత పాత తలుపు తెరుచుకున్నట్టు
కిర్రుమంటూ
చెట్టు తన లోపలిని మాకు చూపించింది:
అంచున పాలిపోయిన తెలుపు,
నడిమి మాత్రం తేనె పాకం.

"చేవ," అన్నాడు పట్టాభి, ఎడమ చేత్తో తడుముతూ.
కుడి చెయ్యి ఇంకా పైకి లేవదు.
మెర్ల్‌కి అర్థం చెప్పాను:
చెట్టు నడిమి గట్టిదనం. మనిషిలో ఉన్నా
మాకు అదే మాట.
"చే-వా," అంది. మా ఆయన భుజం వైపు చూసి
ఇంకేమీ అనలేదు. మంచి మనిషి.

సాయంత్రానికి పదకొండు మొద్దులు.
పేళ్ళు పేర్చి, పైన రేకు కప్పి, తేదీ రాశాను.
పచ్చి యెల్లో బాక్స్ ఆరడానికి
రెండేళ్ళు.

ఆన్జాక్ డే దాటితే గాని పొయ్యి వెలిగించకూడదని
ఈ ఊరి పంతం.
మేం నాలుగు రోజులు ముందే ఓడిపోయాం.
ఈ చలికాలం మా ఇంట్లో మండేవి
కెల్విన్ అమ్మిన కట్టెలు.
దింపుతూ మా కొత్త యంత్రాన్ని చూశాడు,
మూడు వేళ్ళతో మీటని ఒకసారి నొక్కి చూశాడు.

"నెమ్మదిగా ఉందే," అన్నాడు.

అవును, అన్నాను.